అంగ్‌కోర్ కోటగోడ మీదుగా బౌద్ధాలయాలకు: అరపూట సైకిల్ యాత్రపై సమీక్ష

కంబోడియాలోని సియెమ్ రీప్‌కు వెళ్ళే మనవాళ్ళలో ఎక్కువమంది ఒక టుక్‌టుక్ మాట్లాడుకొని, అంగ్‌కోర్ వాట్, బయోన్, తా ప్రోమ్ ఆలయాలను ఒక్క రోజులో చుట్టి వస్తారు. అదే పురావస్తు ఆవరణలోని బౌద్ధాలయాలను అడవి బాటల వెంట, కోటగోడ మీదుగా మౌంటెన్ సైకిల్ తొక్కిస్తూ చూపించే అరపూట యాత్రలను కూడా ఆ పట్టణంలోని కొన్ని సంస్థలు నడుపుతున్నాయి. కిందటి శీతకాలంలో నేనూ, నా భార్యా, ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడూ అలాంటి ఒక యాత్రకు వెళ్ళాము.

ఇటువంటి కార్యక్రమాల విషయంలో నాకు ముందునుంచీ ఒక సందేహం ఉండేది. సైకిల్ సరదా కోసం వచ్చేవారికి ఆలయాలు దారిలో తగిలే మజిలీలుగా, ఆలయాల కోసం వచ్చేవారికి సైకిల్ అనవసరపు శ్రమగా మిగిలిపోతాయేమో అని. ఈ యాత్రలో అలా జరగలేదు. నగర ప్రాకారం ఎలా కట్టారో, ద్వారం నుంచి నగర మధ్యంలోని ఆలయం వరకు ఎంత దూరం ఉందో, అడవి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో సైకిల్ మీద వెళ్ళినందువల్లనే నాకు బోధపడింది. అయితే కొన్ని చోట్ల నిర్వాహకుల ఏర్పాటు సరిగా లేదు. ఆ లోపాలు దిద్దుకోవడం కష్టమేమీ కాదు కనుక వాటిని కూడా వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక స్పష్టత అవసరం. ఈ యాత్రలో అంగ్‌కోర్ వాట్ లేదు. అది 12వ శతాబ్దపు పూర్వార్ధంలో రెండవ సూర్యవర్మ విష్ణువు కోసం కట్టించిన ఆలయం. తరువాతి కాలంలో బౌద్ధుల ఆరాధనా స్థలంగా మారింది. ఈ యాత్ర దాదాపు అంతా ఏడవ జయవర్మ చుట్టూ తిరుగుతుంది. 1177లో చంపా రాజ్యం (ఇప్పటి వియత్నాం ప్రాంతం) వారు దండెత్తి వచ్చి నగరాన్ని కొల్లగొట్టిన తరువాత, వారిని తరిమి 1181లో సింహాసనం ఎక్కిన ఈ రాజు మహాయాన బౌద్ధుడు. తల్లి రూపంలో ప్రజ్ఞాపారమిత అనే జ్ఞానదేవతను నిలిపి 1186లో తా ప్రోమ్‌ను, తండ్రి రూపంలో లోకేశ్వరుడు అనే కరుణామయ బోధిసత్త్వుణ్ణి నిలిపి 1191లో ప్రియా ఖాన్‌ను ప్రతిష్ఠ చేయించాడు. అంగ్‌కోర్ థోమ్ అనే ప్రాకార నగరాన్నీ, దాని నడిబొడ్డున బయోన్‌ను కట్టించాడు. మన ఓరుగల్లులో గణపతిదేవుడు పట్టానికి వచ్చింది 1199లో, రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడిని ప్రతిష్ఠించింది 1213లో. అంటే ఈ గోడలూ ఆ గుడీ ఇంచుమించు ఒకే తరం శిల్పుల చేతుల్లో రూపుదిద్దుకున్నవి. ఈ సంగతి గుర్తుంటే ఇక్కడి ఇసుకరాయి చెక్కడాలను మరింత ఆసక్తితో చూస్తాము.

యాత్ర పొద్దున్నే మొదలవుతుంది. హోటల్ దగ్గరికి వ్యాన్ వచ్చి సంస్థ షెడ్డుకు తీసుకువెళ్ళింది. అక్కడ మా గైడ్ ఒక్కొక్కరినీ సైకిల్ ఎక్కించి, మడమ పెడల్ మీద ఆనించినప్పుడు మోకాలు పూర్తిగా చాపుకొనేంత వరకు సీటు ఎత్తు సరిచేసి, బిగించి, షెడ్డు ముందున్న మట్టి నేల మీద రెండు చుట్లు తిప్పించి చూశాడు. ముందు బ్రేకు ఒక్కదాన్నే గట్టిగా నొక్కవద్దనీ, చెట్ల వేళ్ళ మీదుగా వెళ్ళేటప్పుడు సీటు మీద నుంచి కొంచెం లేచి, రెండు పెడళ్ళనూ ఒకే ఎత్తులో ఉంచాలనీ స్వయంగా చేసి చూపించాడు. నా భార్య కాలేజీ రోజుల తరువాత సైకిల్ ముట్టుకోలేదు. ఈ పావుగంట శిక్షణ లేకపోతే ఆమె ధైర్యం చేసి ఉండేది కాదు. కంబోడియాలో వాహనాలు రోడ్డుకు కుడివైపున వెళతాయి కనుక, అలవాటు కొద్దీ ఎడమవైపుకు జరగవద్దని మమ్మల్ని ప్రత్యేకంగా హెచ్చరించడం కూడా మెచ్చుకోదగినదే. సైకిళ్ళు ముందు సస్పెన్షన్, డిస్క్ బ్రేకులు, బొడిపెలు ఉన్న వెడల్పాటి టైర్లతో బాగానే ఉన్నాయి. కానీ నా భార్యకు ఇచ్చిన సైకిల్ గేర్లు సరిగా పడక, ఎత్తు ఎక్కేటప్పుడు గొలుసు జారుతూ వచ్చింది. గైడ్ దారిలో ఆగి సరిచేశాడు, తరువాత తన సైకిల్‌నే ఆమెకు ఇచ్చాడు. అతని సౌజన్యం గొప్పదే గాని, షెడ్డు నుంచి బయలుదేరే ముందే తేలవలసిన లోపం అది.

పట్టణం నుంచి అంగ్‌కోర్ థోమ్ దక్షిణ ద్వారం వరకు పెద్ద రోడ్డును వదిలి, పక్కనున్న చెట్ల నీడలో మట్టిబాట మీద వెళ్ళాము. ఈ భాగం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. కాళ్ళకు సైకిల్ అలవాటు పడటానికి ఉపయోగపడింది. దారి పొడవునా ఆకాశాన్ని అందుకునే గర్జన్ అనే జాతి చెట్లున్నాయి. వాటి మొదళ్ళ దగ్గర పాత రోజుల్లో గుగ్గిలం నూనె కోసం నిప్పు పెట్టి తొలిచిన నల్లని గుంతలు కనిపిస్తాయి.

దక్షిణ ద్వారం ముందు అగడ్త మీది వంతెనకు ఒకవైపు 54 మంది దేవతలూ, మరొకవైపు 54 మంది అసురులూ మహాసర్పాన్ని పట్టుకొని లాగుతున్న శిల్పాలు ఉంటాయి. క్షీరసాగర మథనం తెలిసిన మనకు ఎవరూ వివరించనక్కరలేదు. 23 మీటర్ల ఎత్తైన ద్వారం నాలుగు దిక్కులకూ నాలుగు ముఖాలతో నిలిచి ఉంటుంది. టుక్‌టుక్‌లు అందరినీ ఇక్కడ దింపి, ఫొటోలు తీసుకున్నాక నేరుగా లోపలికి తీసుకుపోతాయి. మేము మాత్రం ద్వారం దాటగానే పక్కకు తిరిగి, గోడకు ఆనుకొని ఉన్న మట్టి ఏటవాలు మీదికి సైకిళ్ళను నెట్టుకుంటూ ఎక్కాము. యాత్రలో అసలు విశేషం ఇక్కడినుంచి మొదలైంది.

బయటినుంచి చూసేవారికి అంగ్‌కోర్ థోమ్ ప్రాకారం సుమారు 8 మీటర్ల ఎత్తున, లాటరైట్ అనే ఎర్రరాతితో నిలువుగా లేచిన గోడ. పైకి ఎక్కితే గాని అది కేవలం గోడ కాదని తెలియదు. లోపలివైపు మొత్తం పొడవునా మట్టి పోసి, వాలుగా కట్టలా దిమ్మిస కొట్టారు. బయటి రాతి ముఖానికి ఆ మట్టే బలం. చెరువు గట్టు మీద నడిచి పెరిగిన మా తరంవాళ్ళకు ఆ పద్ధతి చూడగానే అర్థమవుతుంది. ఆ కట్ట మీద చెట్ల మధ్య ఒక సైకిల్‌కు సరిపోయే కాలిబాట పోతుంది. ఒకవైపు కిందికి 100 మీటర్ల వెడల్పున్న అగడ్త, దానిలో తామరాకులు. మరొకవైపు వాలు దిగువన ఒకప్పుడు నగరం ఉన్న చోట దట్టమైన అడవి. ఒక్కో వైపు 3 కిలోమీటర్ల చొప్పున ఉన్న ఈ చదరంలో దక్షిణ ద్వారం నుంచి ఆగ్నేయ మూల వరకు, అక్కడినుంచి ఉత్తరానికి తిరిగి తూర్పు గోడ మధ్య వరకు, అంటే గోడ మీద సుమారు 3 కిలోమీటర్లు మేము తొక్కాము.

“మామయ్యా, మ్యాప్‌లో చూసినప్పుడు ఇది ఇంత పెద్ద ఊరని తట్టలేదు” అని మా మేనల్లుడు అన్నాడు. నాకూ అదే అనిపించింది. మూల ఇప్పుడు వస్తుంది, ఇప్పుడు వస్తుంది అనుకుంటూ తొక్కుతూనే ఉంటాము, గోడ సాగుతూనే ఉంటుంది. టుక్‌టుక్‌లో ద్వారం దాటి రెండు నిమిషాల్లో బయోన్ ముందు దిగేవారికి ఈ 9 చదరపు కిలోమీటర్ల నగర విస్తీర్ణం ఒంటికి తెలిసే అవకాశం లేదు.

భద్రత గురించి ఇక్కడే చెప్పాలి. గోడ బయటి అంచుకు కొన్ని చోట్ల పిట్టగోడ రాళ్ళు మిగిలాయి, చాలా చోట్ల ఏమీ లేదు. బాట అంచుకు మరీ దగ్గరగా పోదు గాని, వేళ్ళు అడ్డంగా ఉన్న చోట అదుపు తప్పితే ప్రమాదమే. గైడ్ రెండు చోట్ల అందరినీ దింపి నడిపించాడు. ఇది సరైన నిర్ణయం. చిన్న పిల్లలను ఈ భాగానికి తీసుకురావద్దని నా సలహా. సంస్థవారు మాత్రం బుకింగ్ సమయంలో “అందరికీ అనువైన దారి” అని మాత్రమే చెప్పారు. గోడ ఎత్తు గురించి, అంచు గురించి ముందుగా చెప్పి ఉండవలసింది.

ఆగ్నేయ మూలన ప్రాసాత్ చ్రుంగ్ అనే చిన్న ఇసుకరాతి ఆలయం ఉంది. నగరపు నాలుగు మూలలా గోడ మీదనే ఇలాంటివి నాలుగున్నాయి. నాలుగూ లోకేశ్వరుడికి అంకితమైనవే. వీటిలోని సంస్కృత శాసనాలు ఈ గోడను జయగిరి అనీ, అగడ్తను జయసింధువు అనీ పిలుస్తాయి. ఆ గిరి ఆకాశాన్ని తాకిందనీ, ఆ సింధువు లోతు నాగలోకాన్ని చేరిందనీ వర్ణిస్తాయి. అలంకరించుకున్న వధువు వంటి యశోధరపురాన్ని, అంటే ఈ నగరాన్ని, రాజు వివాహమాడాడని కూడా వాటిలో ఉంది. మన ప్రబంధాల్లో పురవర్ణనలు చదివినవారికి కోట శిఖరాలు, అగడ్త లోతు, పాతాళం అనే వరుస ఎంత పరిచితమో వేరుగా చెప్పనక్కరలేదు. గైడ్ ఈ శాసనాల సంగతి చెప్పిన చోటు ఎంతో సరైనది. అప్పటికి ఆ జయగిరి మీద ఒకటిన్నర కిలోమీటరు తొక్కి, చెమటతో తడిసి, జయసింధువును పై నుంచి చూస్తూ నిలబడి ఉన్నాము. వాహనాల బాటకు దూరంగా ఉన్నందువల్ల అక్కడ మేము తప్ప మరెవరూ లేరు.

తూర్పు గోడ మధ్యలోని ద్వారాన్ని మృత్యు ద్వారం అంటారు. దక్షిణ ద్వారంతో పోలిస్తే దీనికి మరమ్మతులు తక్కువ. వంతెన మీది విగ్రహాలు చాలావరకు ధ్వంసమయ్యాయి. అయినా పైనున్న ముఖాలను ఆకుల మధ్య నుంచి, దుమ్ము, హారన్లు లేకుండా, తీరికగా చూడటానికి ఇదే మంచి చోటు. ఇక్కడినుంచి పడమటగా తిన్నని మట్టిబాట బయోన్ ముందుకు తీసుకుపోతుంది. ఎర్రమట్టి నేల, అక్కడక్కడ మెత్తని ఇసుక. ఇసుకలో ముందు చక్రం పక్కకు లాగినప్పుడు గట్టిగా తొక్కుతూ పోవాలే గాని బ్రేకు వేయకూడదని మా మేనల్లుడు ఒకసారి పడిన తరువాత నేర్చుకున్నాడు. దెబ్బ తగలలేదు.

బయోన్ దగ్గర మాత్రం నాకు తృప్తి కలగలేదు. ఈ ఆలయంలో 200కు దగ్గరగా ఉన్న మహాముఖాలు ఎవరివి అనే ప్రశ్నకు పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. లోకేశ్వరుడివని కొందరు, రాజు ముఖ పోలికలేనని కొందరు, బ్రహ్మవని మరికొందరు అన్నారు. మా గైడ్ ఏదో ఒకటే నిజమని దబాయించకుండా ఈ అభిప్రాయాలన్నీ చెప్పాడు. 1933లో ప్రధాన గోపురం కింది బావిలో ముక్కలై దొరికిన బుద్ధ విగ్రహం కథ కూడా చెప్పాడు. నాగుడి పడగల నీడన కూర్చున్న, 3.6 మీటర్ల ఎత్తైన ఆ విగ్రహమే ఈ ఆలయ మూలమూర్తి. జయవర్మ తరువాత 13వ శతాబ్దంలో బౌద్ధ వ్యతిరేకత చెలరేగినప్పుడు దానిని పగలగొట్టి బావిలో పడవేశారు. ముక్కలను అతికించి 1935లో రాజప్రాంగణానికి ఎదురుగా ఉన్న ఒక చిన్న మండపంలో నిలిపారు. ఇప్పటికీ దానికి పూజలు జరుగుతున్నాయి.

ఇంతవరకు బాగుంది. కానీ బయోన్‌కు ప్రాణం వెలుపలి వసారాలోని కుడ్యశిల్పాలు. దక్షిణం వైపు తోన్లే సాప్ సరస్సు మీద ఖ్మేర్లకూ (కంబోడియావారికీ) చంపావారికీ జరిగిన నౌకాయుద్ధం ఉంటుంది. పడవల కిందుగా మొసళ్ళు, చేపలు. దాని అడుగు వరుసలో ఎనిమిది వందల ఏళ్ళ కిందటి సామాన్యుల జీవితం ఉంటుంది: సంతలో చేపలు అమ్మే స్త్రీలు, కుండలో అన్నం వండేవారు, తలలో పేలు చూసుకునేవారు, ప్రసవిస్తున్న తల్లి, ఎడ్లబండి, పందెం కాసి కోళ్ళను కలియబెడుతున్న రెండు గుంపులు. ఆ కోడిపందెం దగ్గర గోదావరి జిల్లాలవాళ్ళు ఎవరైనా అరగంట నిలబడతారు. పుంజును రెండు చేతులతో నడుముకు దిగువగా పట్టి ముందుకు వంగిన మనిషి భంగిమలో ఈనాటికీ ఒక్క తేడా లేదు. మాకు ఆ గోడ దగ్గర దొరికింది పది నిమిషాలు. పైగా మేము చేరే వేళకు బస్సుల్లో వచ్చిన బృందాలు ఇరుకైన వసారాను నింపేశాయి. షెడ్డు దగ్గర ఆలస్యంగా వచ్చిన మరో బృందాన్ని మాతో కలపడంవల్ల పోయిన సమయాన్ని ఇక్కడ కోత కోశారని తరువాత అర్థమైంది. సరైన వేళకు బయలుదేరి ఉంటే, లేదా బయోన్‌ను ముందు చూపి గోడను తరువాత తొక్కించి ఉంటే ఈ నష్టం ఉండేది కాదు.

బయోన్ నుంచి ఉత్తరంగా, ఏనుగుల శిల్పాలున్న రాజవేదికకు వెనుకగా, అడవిలో ఉన్న తెప్ ప్రణామ్, ప్రియా పాలిలై అనే రెండు చోట్లకు మమ్మల్ని తీసుకువెళ్ళినందుకు నిర్వాహకులను అభినందించాలి. సాధారణ యాత్రల్లో ఇవి ఉండవు. తెప్ ప్రణామ్‌లో ఆరుబయట, రేకుల చూరు కింద, పెద్ద ఆసీన బుద్ధుడు ఉన్నాడు. పక్కన కుటీరాల్లో బౌద్ధ సన్యాసినులు ఉంటారు. అగరొత్తులు, తామరమొగ్గలు, అరటిపండ్లు పెట్టి ఊరివాళ్ళు దండం పెట్టుకొని పోతుంటారు. ఈ యాత్రలోని గుళ్ళు వట్టి శిథిలాలు కావనీ, ఇప్పటికీ మొక్కులున్న గుళ్ళేననీ ఇక్కడ తెలుస్తుంది.

ప్రియా పాలిలై ద్వారం మీద నాళగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేసిన ఘట్టం ఉంది. రాజగృహ వీధిలో మదించి వచ్చిన ఏనుగు బుద్ధుని ముందు మోకరిల్లిన ఈ కథనే మన అమరావతి శిల్పి సుమారు వెయ్యేళ్ళ ముందు ఒక గుండ్రని పలకలో చెక్కాడు. ఆ పలక ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. అమరావతి పలకలో పరుగులు తీసే జనం, మేడల కిటికీల్లోంచి తొంగిచూసే స్త్రీలు, పైకెత్తిన తొండం, ఆ పక్కనే వంగిన అదే ఏనుగు, అన్నీ ఒకే ఊపులో సాగుతాయి. ఇక్కడ బుద్ధుడు నిలబడిన తీరులో నిశ్చలత ఎక్కువ, సందడి తక్కువ. రెండింటినీ చూసినవారికి ఒక కథ సముద్రం దాటి ఎలా మారిందో కనిపిస్తుంది. నాగుడి పడగ కింద కూర్చున్న బుద్ధుడు కూడా అంతే. అంగ్‌కోర్‌లో అడుగడుగునా కనిపించే ఆ రూపానికి తొలినాటి ఉదాహరణలు కృష్ణా తీరపు శిల్పాల్లో ఉన్నాయి. గైడ్‌కు అమరావతి గురించి నేను చెప్పినప్పుడు అతడు ఫోన్‌లో ఆ పలక చిత్రాన్ని వెతికి, రెంటినీ పక్కపక్కన పెట్టి చూసి, తన తరువాతి బృందాలకు చూపిస్తానని దాచుకున్నాడు.

తూర్పు గోడలోనే ఉన్న మరో ద్వారమైన విజయ ద్వారం గుండా నగరం బయటికి వచ్చాక స్పియన్ థ్మా అనే పాత రాతి వంతెన తగులుతుంది. సియెమ్ రీప్ నది ఇప్పుడు ఆ కమానుల కింద కాకుండా పక్కనుంచి పారుతుంది. కొంత ముందుకు వెళితే తా కేవ్ అనే పెద్ద ఆలయం ఎదుట రోడ్డు పక్కన ఒక చిన్న ఆలయం. చాలామంది దానికేసి చూడను కూడా చూడరు. జయవర్మ రాజ్యమంతటా 102 ఆరోగ్యశాలలు ఉన్నట్టు తా ప్రోమ్ శాసనం చెబుతుంది. వాటిలో ఒకదానికి చెందిన గుడి ఇది. ప్రజల దేహానికి వచ్చిన రోగం రాజుకు మనోరోగమై మరింత బాధించిందనీ, ప్రభువులకు రాజ్యపు దుఃఖమే దుఃఖం గాని తమ దుఃఖం కాదనీ ఆరోగ్యశాలల శాసనాల్లో ఉంది. గైడ్ ఇక్కడ ఆపకుండా ముందుకు సాగబోతే నేనే అడిగి ఆపించాను. ఇది ఐదు నిమిషాల పని. తప్పక యాత్రలో చేర్చాలి.

తా కేవ్ దాటాక ఎడమవైపు అడవిలోకి తిరిగే బాట తా నే ఆలయానికి పోతుంది. సైకిల్ తొక్కే ఆనందం, ఆలయం చూసే ఆనందం రెండూ కలిసింది ఇక్కడే. బాట సన్నగా, చల్లగా, వంకర టింకరగా సాగుతుంది. వేళ్ళు, ఎండుటాకులు, రెండు మూడు చిన్న పల్లాలు, ఒక ఎండిన కాలువ. తక్కువ గేరులో, నిదానంగా, చూపు చక్రం మీద కాకుండా ముందుకు పెట్టుకొని తొక్కితే కొత్తవాళ్ళకు కూడా కష్టం కాదు. నా భార్య ఇక్కడ మా ఇద్దరినీ దాటి గైడ్ వెనుకనే వెళ్ళింది. బాట చివర చెట్లు కొంచెం విడిపోయి, పాచి పట్టిన గోపురం కనిపిస్తుంది.

తా నే కూడా జయవర్మ కాలపు బౌద్ధాలయమే. దీనిని పూర్తిగా పునర్నిర్మించలేదు. వసారాల పైకప్పులు కూలిన రాళ్ళు పడిన చోటనే కుప్పలుగా ఉన్నాయి, ప్రమాదమున్న చోట్ల కర్రల ఆసరాలు పెట్టారు. రాళ్ళ మీద ఆకుపచ్చని, వెలిసిన నీలపు పాచి. ద్వారబంధం పక్కన కోష్ఠంలో ఒక దేవతా స్త్రీ, ఆమె కాలి కడియం అంచు ఇంకా పదునుగా ఉంది. ముఖం సగం మాత్రం రాయి పొరగా ఊడి పోయింది. మేమున్నంతసేపూ మరొక బృందం రాలేదు. గైడ్ మాటలు ఆపి, ఎవరికి నచ్చిన చోట వారిని కూర్చోనిచ్చాడు. ఈ ఒక్క నిర్ణయంతో అతనికి తన పని ఎంత బాగా తెలుసో అర్థమైంది.

తా ప్రోమ్ గురించి క్లుప్తంగా చెబుతాను. స్పంగ్ అనే అడవి చెట్ల మహావేళ్ళు గోడలను పట్టుకున్న దృశ్యం అద్భుతమే గాని, మేము వెళ్ళిన వేళకు చెక్క వంతెనల మీద జనం వరుసకట్టి ఉన్నారు. సైకిళ్ళు బయట నిలిపి వారితో పాటు కదిలాము. 12,640 మంది నివసించిన విద్యాపీఠమూ విహారమూ అయిన చోటు అది. శాసనం ప్రకారం 3,140 గ్రామాలు దాని పోషణకు కేటాయించబడ్డాయి. ఇక్కడి సంరక్షణ పనుల్లో మన పురావస్తు శాఖ కంబోడియా ప్రభుత్వపు అప్సర సంస్థతో కలిసి ఏళ్ళుగా కృషి చేస్తోంది. కూలిన నర్తకీ మండపాన్ని రాయి రాయి గుర్తించి తిరిగి నిలబెట్టి, 2022లో లాంఛనంగా ఆవిష్కరించారు. భారతీయులుగా ఆ మండపం ముందు కొంతసేపు నిలబడాలి. ఒక సినిమా షూటింగ్ జరిగిన ద్వారం దగ్గర గైడ్ ఎక్కువ సమయం ఇచ్చి, మండపం దగ్గర తక్కువ ఇచ్చాడు. ఎక్కువమంది అడిగేది అదే అయి ఉండవచ్చు.

చివరి మజిలీ బంతేయ్ క్దేయ్, దాని ఎదుట స్రా స్రాంగ్ తటాకం. 2001లో జపాన్‌కు చెందిన సోఫియా విశ్వవిద్యాలయం వారు ఈ ఆలయ ప్రాంగణంలో తవ్వినప్పుడు 274 బుద్ధ విగ్రహాలు భూమిలో పూడ్చిపెట్టి ఉండగా బయటపడ్డాయి. బయోన్ బావిలో పడవేసిన మూర్తి కథా, ఈ పూడ్చిన విగ్రహాల కథా ఒకే కాలపు ఉద్రిక్తతకు సాక్ష్యాలు. విగ్రహాలు ఇప్పుడు సియెమ్ రీప్‌లోని నొరొదొమ్ సిహనూక్ అంగ్‌కోర్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ సాయంత్రమే మేము వెళ్ళి చూశాము. యాత్రకు వెళ్ళేవారందరికీ అలా చేయమని చెబుతాను.

అంత పురాతనమైన గోడ మీద సైకిళ్ళు తిప్పడం తగునా అని నన్ను ఇద్దరు ముగ్గురు మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్న. మేము తొక్కినది రాతి మీద కాదు, వెనుకనున్న మట్టి కట్ట మీద. ఆ బాటను స్థానికులు సైకిళ్ళకు, నడకకు చాలాకాలంగా వాడుతున్నారు. చెక్కిన రాయి ఉన్న ప్రతిచోటా గైడ్ మమ్మల్ని దింపాడు, గోడకు సైకిల్ ఆనించనివ్వలేదు. అయినా వానాకాలంలో తడిసిన కట్ట మీద వెడల్పాటి టైర్లు గాళ్ళు చేస్తాయి, ఆ గాళ్ళలో నీరు పారి మట్టి కోసుకుపోతుంది. మే నుంచి అక్టోబరు వరకు గోడ మీది భాగాన్ని నిర్వాహకులు స్వచ్ఛందంగా ఆపివేస్తే బాగుంటుంది. మోటారు క్వాడ్ బైక్‌లు నడిపే యాత్రలు పట్టణం చుట్టూ ఉన్న పొలాల దారుల్లో వేరుగా ఉన్నాయి. ఆ సరదా కావలసినవారు అటు వెళ్ళవచ్చు. ఆలయాల మధ్య అడవికి సైకిలే తగినది.

ఖర్చు విషయం. యాత్రకు మేము మనిషికి 45 డాలర్లు చెల్లించాము. సైకిల్, హెల్మెట్, గైడ్, నీళ్ళు, పండ్లు, వ్యాన్ అందులోవే. అంగ్‌కోర్ ప్రవేశ పాస్ విడిగా కొనుక్కోవాలి: ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62, ఏడు రోజులకు 72. మూడు రోజుల పాస్‌ను పది రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు కనుక, అదే మేలు. అరపూట యాత్ర కోసమని ఒక రోజు పాస్ కొని, మిగతా పూట ఎండలో అంగ్‌కోర్ వాట్‌కు పరుగెత్తడం మంచిది కాదు. మొత్తం ఖర్చు తక్కువేమీ కాదు. దొరికిన సేవకు అది తగినదేనని నా అభిప్రాయం.

దుస్తుల విషయంలో జాగ్రత్త అవసరం. ఆలయాల్లోకి భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలతోనే రానిస్తారు, అందువల్ల సైకిల్ వాళ్ళు వేసుకునే పొట్టి నిక్కర్లు పనికిరావు. పలుచని నూలు ప్యాంటు, చేతుల చొక్కా, గట్టి అడుగున్న బూట్లు మంచివి. కుడికాలి ప్యాంటు అంచును గొలుసులో పడకుండా కట్టుకోవాలి. ఎర్రదుమ్ము బాగా లేస్తుంది. ముక్కుకు కట్టుకోవడానికి ఒక చేతిరుమాలు ఉండాలి. శాకాహారులు దారిలో పండ్లు, కొబ్బరిబోండాలు, తాటిబెల్లం తినవచ్చు. మనకు తెలిసిన తాడిచెట్టే అక్కడి జాతీయ వృక్షం, ఆ బెల్లం రుచి కూడా మన తాటిబెల్లం రుచే. తటాకం ఒడ్డున హోటళ్ళలో భోజనం చేసేటట్లయితే, వేపుళ్ళలో సైతం ఫిష్ సాస్ (చేపలను ఊరబెట్టి తీసిన ఉప్పని రసం) వేస్తారు కనుక వద్దని ముందే గట్టిగా చెప్పాలి.

మొత్తం దూరం 20 కిలోమీటర్లకు పైగా ఉంటుంది, నేల చదునే. సైకిల్ తొక్కగలిగి, ఆరోగ్యం మామూలుగా ఉన్న యాభై, అరవై ఏళ్ళవారికి ఇది కష్టం కాదు. నడుము నొప్పి ఉన్నవారికి మాత్రం వేళ్ళ మీది కుదుపులు పడవు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ఏప్రిల్ ఎండకు మన రెంటచింతల ఎండే సాటి, ఆ నెలలో వెళ్ళవద్దు. బుక్ చేసేటప్పుడు మూడు సంగతులు ముందే మాట్లాడుకోవాలి: మీ బృందంలో వేరేవాళ్ళను కలపకూడదని, బయోన్ కుడ్యశిల్పాల దగ్గర కనీసం అరగంట కావాలని, ఆరోగ్యశాల గుడి దగ్గర ఆపాలని. తా నే సంగతి అడగనవసరం లేదు. అది లేని యాత్ర అయితే వేరే సంస్థను చూసుకోండి.